తలకట్టు

నా అద్దం మొఖం చూసుకునేది గాదు.
చండూరు అంగట్ల పాత బీరువాకు ఊడదీసింది,
ఓ మూల పగిలింది, పాదరసం లేచిపోయింది.
గోడ ముంగట నేల మీద పరుస్త.
మెడ కొయ్యబారి ఇరవై ఏండ్లాయె,
పైకి చూడాల్నంటే నేను కిందికే చూడాలె.

అద్దంల అక్షరాలు తలకిందులుగ వేలాడ్తయి
గబ్బిలాల లెక్క.
తలకట్లు కాళ్ళకాడికొస్తయి,
గుడులు జారిపోతయి, వత్తులు పైకెక్కుతయి,
అన్నిటి కింద ఇంత ఆకాశం, ఓ కొంగ.
కుంచెను కందికట్టెకు సుతిలితోటి కట్టుకుంట.
మోచెయ్యి సాగినంత సాగుతది,
మిగిలింది కట్టె చూసుకుంటది.
మొదట్ల ఒక్క 'శ్రీ' రాసేతందుకు పొద్దంత పట్టేది,
ఇప్పుడు చాయ్ చల్లారక ముందే.

లగ్గాల కాలంల నన్ను చీకటితోటే పిలుస్తరు.
"పొద్దు పొడవక ముందే రాసి పో జంగమ్మా,
చుట్టాలొస్తరు, ఏమనుకోకు."
ఏమనుకుంట? రెండు వేలనుకుంట.
పొద్దుగాల ఎదురుపడితే నా మొఖం మంచిది గాదంటరు.
నా మొఖం ఎప్పుడూ నేల దిక్కే ఉంటది,
చూడాల్నంటే మనిషి వంగాలె,
వంగినోళ్ళెవ్వలు లేరు, మరి ఎట్ల తెలిసిందో.
జాజు, పసుపు, నెమలి తోకకు నీలం,
రెండు వందల పెండ్లిండ్లు దాటినయి గోడల మీద,
ఒక్కదాని అక్షింతలు నా చేతుల పడలే.

కింద మూలకు పేరు: శివ ఆర్ట్స్.
శివ నా అక్క కొడుకు.
హైదరాబాద్‌ల ఆటో నడుపుతడు,
రంగు వాసనకే తుమ్ముతడు.

మొన్న మర్రిగూడల, మా వాడకట్టుకే,
పగిళ్ళ లింగస్వామి ఇంటి గోడ.
'నవనీత వెడ్స్' దాక రాసిన,
శ్రీశైలం ఇంకా డబ్బాల్నే ఉన్నడు,
వెనుక నుంచి టార్చి వెలుగు.
పెండ్లిపిల్ల. పసుపు చేతులు, నిద్రలేని కండ్లు.
అద్దం పక్కన గొంతుక్కూచొని
తల వంచి నా మొఖంలకు చూసింది.
"శ్రీశైలానికి జర మంచి రంగు పెట్టు అత్తమ్మా,
మనిషి ఎట్లుంటడో ఫొటోల సరిగ కానరాలే."
నేను నవ్విన. తానూ నవ్వి, గబుక్కున చెయ్యి అడ్డం పెట్టుకుంది.
అద్దంల దొరికింది నాకు.
పండ్ల మీద తుప్పు రంగు చారలు.

ఆ బోరింగే. ఇద్దరం తాగింది ఆ నీళ్ళే.
నాకు బొక్కల్లకు దిగినయి,
పిల్లకు నవ్వుకాడ ఆగినయి.
ఇప్పుడు నల్లాల కృష్ణా నీళ్ళొస్తున్నయి, తియ్యగుంటయి,
చానా ఆలస్యంగ తియ్యగుంటయి.

"ఫొటోలల్ల నవ్వొద్దన్నరు అత్తగారోళ్ళు" అన్నది.
నేనేం అనలే. శ్రీశైలానికి ఎరుపు కలిపిన.

తెల్లారొస్తున్నది. మూలకు దిగిన.
శి రాసి గుడి పెడుతుంటే అడిగింది,
"శివ ఎవలు?"

తడిబట్టతోటి తుడిచేసిన.
కుంచె కడిగి నలుపుల ముంచిన.
జ.
జ కు తలకట్టు ఉండదు.
బడిల ఏ పంతులూ దాన్ని బయట కూసోబెట్టలే,
పలక మీద దిద్దించిన్రు, అందరితోటి పాటు వరుసల నిలబెట్టిన్రు.
పక్కన సున్న. గ. మ కింద మ వత్తు.
సెల్ నంబరు గూడ, పెద్దగ,
తొమ్మిదికి నెమలి తోకంత తోక పెట్టి.

నవనీత ఫోన్ల ఫొటో దీసి నా మోకాళ్ళకాడ పట్టింది.
నా రాత నిటారుగ నిలబడి
నా దిక్కు చూసుడు అదే మొదలు.
"జ ఎడమకు ఒరిగిందే. దిద్దుతా ఆగు."
"ఉండనియ్."

మూలమలుపుల చుట్టాల జీపు హారన్.
లింగస్వామి తువ్వాల సదురుకుంట వచ్చిండు,
తూర్పు దిక్కు చూసిండు, నా దిక్కు చూసిండు,
గోడ మూలకు చూసి అక్కడ్నే ఆగిండు.
అద్దం తియ్యలే నేను.

చాయ్ పోయించు లింగస్వామీ, అన్న.
రంగు ఆరెదాక ఉంట.